ముందు బిల్లు, తర్వాత మోటారు, ఆఖర్న సోలార్: గోదావరి డెల్టా పంచాయతీలకు కరెంటు మార్గదర్శి

పంచాయతీలో సోలార్ మాట రాగానే అందరూ ముందు అడిగేది కిలోవాట్ రేటెంత అని. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న అని నా గట్టి అభిప్రాయం. రివైండింగ్ (కాలిన తీగ తీసి మళ్లీ చుట్టడం) మీద రివైండింగ్ చేసిన మోటారు, పట్టపగలు వెలిగే వీధి దీపాలు, ఎవరూ వాడని మీటర్లు అలాగే ఉంచుకుని వాటి మీద సోలార్ పెడితే, వృథాగా పోయే కరెంటుని కూడా మనమే డబ్బు పోసి తయారు చేసుకున్నట్టు అవుతుంది. అందుకే ఇక్కడ బిల్లుతో మొదలుపెట్టి, మోటారు దగ్గరికి వెళ్లి, ఆ తర్వాతే డాబా ఎక్కుదాం. సర్పంచులు, వార్డు సభ్యులు, కార్యదర్శులు, సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంట్లు, ఊరి పనులు పట్టించుకునే కుర్రాళ్లు, వీళ్లందరి కోసం రాస్తున్నాను.

మనకెందుకు ఇది అంత ముఖ్యం అంటే, ధవళేశ్వరం దిగువ నుంచి సముద్రం దాకా మనదంతా పల్లపు నేల. ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని ఎలా కోసుకుంటూ వస్తోందో చూస్తూనే ఉన్నాం. తీరం మండలాల్లో బోరు వేస్తే ఉప్పు నీళ్లు. తుఫాను మనకే, గోదావరి వరదా మనకే. పైగా నేలలోంచి గ్యాస్ తీసే ప్రాంతం కూడా ఇదే. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ (గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మడం) మంట రెండు నెలలకి పైగా ఆరలేదు, 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇంధనం ఎక్కణ్ణుంచి వస్తుంది, దాని నష్టం ఎవరి మీద పడుతుంది అన్నది ఇక్కడ ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి.

ఇది పంచాయతీ పనేనా?

మీటింగులో ఎవరో ఒకరు అంటారు, కరెంటు సంగతి డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) చూసుకుంటుంది, మనకెందుకు అని. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు 29 అంశాలు ఉన్నాయి. అందులో 14వది గ్రామీణ విద్యుదీకరణ, విద్యుత్ పంపిణీతో సహా. 15వది సంప్రదాయేతర ఇంధన వనరులు. కాబట్టి ఇది మన పనే. లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు మన చేతిలో లేవు నిజమే, మన డిస్కం ఈపీడీసీఎల్ చేతిలో ఉన్నాయి, రేట్లు విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. కానీ పంచాయతీ బిల్లు, మంచినీటి మోటారు, వీధి దీపాలు, ప్రభుత్వ భవనాల డాబాలు, గ్రామసభ తీర్మానం, ఇవి మన చేతిలోనే ఉన్నాయి. ఈ అయిదింటితో చాలా దూరం వెళ్లొచ్చు.

మొదటి పని: మీటర్లన్నీ ఒక కాగితం మీదకి

పంచాయతీ పేరు మీద ఉన్న ప్రతి సర్వీసు నంబరూ రాయండి. ఆఫీసు, సచివాలయం, వీధి దీపాల లైన్లు, మంచినీటి పథకం, ఫిల్టర్ బెడ్ల దగ్గర మోటారు, కమ్యూనిటీ హాలు, శ్మశానం దగ్గర లైటు, ఏదీ వదలొద్దు. ఒక్కోదానికి ఏడాది బిల్లులు తీసి, నెలకి ఎన్ని యూనిట్లు, మంజూరైన లోడ్ (వాడుకోవడానికి అనుమతించిన సామర్థ్యం) ఎంత, ఆ లోడ్‌ని బట్టి పడే ఫిక్స్‌డ్ చార్జీ ఎంత, పాత బకాయి ఎంత అని నాలుగు గళ్లలో వేయండి. తర్వాత ఎనర్జీ అసిస్టెంట్‌ని వెంటబెట్టుకుని ఒక్కో మీటరు దగ్గరికి నడిచి వెళ్లండి. ఈ నడక తప్పించుకోవద్దు, ఆఫీసులో కూర్చుంటే కనపడనివి అక్కడ కనపడతాయి. ఎప్పుడో మూసేసిన బోరుకి ఇంకా వస్తున్న మినిమం బిల్లు, పది హార్స్‌పవర్ మోటారు తీసేసి అయిదు పెట్టినా పాత లోడ్ మీదే పడుతున్న ఫిక్స్‌డ్ చార్జీ, మీటరు పాడై సరాసరి లెక్క మీద వేస్తున్న వీధి దీపాల బిల్లు, ఇలాంటివి. వీటికి దరఖాస్తు పెడితే చాలు, పైసా పెట్టుబడి లేకుండా బిల్లు తగ్గుతుంది. దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి.

బకాయిల సంగతి కూడా తేల్చుకోవాలి. మన రాష్ట్రంలో ఆర్థిక సంఘం నిధుల్లోంచి కరెంటు బకాయిలు మినహాయించడం మీద సర్పంచులు రోడ్డెక్కిన రోజులు అందరికీ గుర్తే. అసలు బకాయి ఎంతో మన దగ్గర లెక్క ఉంటేనే, వాళ్లు చెప్పిన అంకెని ప్రశ్నించగలం.

వీధి దీపాలు

ఇది తేలిక పని, తొందరగా చెప్పేస్తాను. పాత ట్యూబ్‌లైటు చోక్‌తో కలిపి 50 వాట్ల దాకా లాగుతుంది, దాని బదులు 20 వాట్ల ఎల్ఈడీ సరిపోతుంది. ఊళ్లో 250 దీపాలున్నాయనుకుందాం. ఒక్కోదానికి 30 వాట్ల ఆదా, రాత్రికి 11 గంటలు, ఏడాదికి సుమారు 30 వేల యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే రెండు లక్షలకి పైనే. ఇప్పటికే ఎల్ఈడీలు ఉన్న ఊళ్లలో చూడాల్సింది వేరే: పాడైన చోట ఏది దొరికితే అది తగిలించారా, పిడుగులకీ వోల్టేజి హెచ్చుతగ్గులకీ తట్టుకునే సర్జ్ ప్రొటెక్షన్ ఉందా, అన్నిటికన్నా ముఖ్యంగా పొద్దున్న ఆపే మనిషో టైమరో ఉందా. చాలా చోట్ల వీధి దీపాలకి విడిగా స్విచ్ వైరే ఉండదు, అందుకే పగలు వెలుగుతాయి. ఆ విడి వైరు (మూడో వైరు అంటారు) లాగించమని లైన్‌మేన్ ద్వారా డిస్కం ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరు) రాయించండి.

మోటారు పరీక్ష

మన డెల్టాలో పంచాయతీ కరెంటు ఎక్కువగా తాగేది మంచినీటి పథకమే. కాలువ నుంచి చెరువుకి, చెరువు నుంచి ఫిల్టర్ బెడ్లకి, అక్కణ్ణుంచి ట్యాంకుకి, ప్రతి చోటా ఒక మోటారు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువులు నింపుకోవడానికి పగలూ రాత్రీ ఆడుతుంది.

మోటారు మంచిదో కాదో తెలుసుకోవడానికి ఇంజినీరు రావాల్సిన పనిలేదు. ఊళ్లోకి నీళ్లు వదలని సమయం చూసి, ట్యాంకు కింద అవుట్‌లెట్ వాల్వ్ బిగించేయండి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు మీటరు రీడింగ్ రాసుకుని మోటారు వేయండి, నిండగానే ఆపి మళ్లీ రీడింగ్ చూడండి. 60 వేల లీటర్ల ట్యాంకు అనుకుందాం, పైపుల్లో రాపిడితో కలిపి నీళ్లు 18 మీటర్లు ఎక్కాలి. భౌతిక శాస్త్రం లెక్కలో దానికి కావల్సింది 3 యూనిట్లు మాత్రమే. మోటారు, పంపు రెండూ మంచి స్థితిలో ఉంటే అయిదున్నర, ఆరు యూనిట్లలో నిండాలి. మీ మీటరు 10 చూపించిందా? అంటే మీరు కొన్న కరెంటులో మూడో వంతు కూడా నీళ్లుగా మారడం లేదు. రోజుకి రెండుసార్లు నింపే ఊళ్లో ఆ నాలుగు యూనిట్ల తేడా ఏడాదికి 2,900 యూనిట్లు అవుతుంది, 20 వేల రూపాయలు. చిన్న మోటారు కొత్తది కొన్నా రెండు మూడేళ్లలో తిరిగి వచ్చేస్తుంది.

కొత్తది కొనే ముందు మాత్రం ఫుట్‌వాల్వ్ (నీళ్లు లాగే పైపు అడుగున ఉండే వాల్వ్) తీసి చూడండి. గుర్రపుడెక్క వేళ్లు, తూడు చుట్టుకుని సగం మూసుకుపోయి ఉంటుంది, చాలాసార్లు రోగం అక్కడే. జల్లెడ శుభ్రం చేసి, కారుతున్న జాయింట్లు బిగించి, మళ్లీ అదే పరీక్ష చేయండి. అప్పటికీ అంకె తగ్గకపోతే మోటారు మార్చండి. ఇంకోసారి రివైండింగ్‌కి పంపొద్దు, నాసిరకంగా చుట్టించిన ప్రతిసారీ దాని సామర్థ్యం కొంత పడిపోతూనే ఉంటుంది. ఈ పరీక్ష ఆరు నెలలకోసారి చేసి పంపు గది గోడ మీద తేదీతో అంకె రాసి పెడితే, ఆపరేటర్ గారికి కూడా మోటారు ఎప్పుడు నీరసించిందో ఇట్టే తెలుస్తుంది.

ఇప్పుడు డాబా ఎక్కుదాం

ఇదంతా అయ్యాక మిగిలిన బిల్లు ఎంతుందో దానికే సోలార్ లెక్క వేయండి. ఒక కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగుల ఎండ పడే చోటు కావాలి, రోజుకి సరాసరి 4 యూనిట్లు వస్తాయి, ముసురు పట్టిన నెలల్లో తగ్గుతుంది. మన దగ్గర ఎకరం నేల ఖాళీగా దొరకదు, వరి కాకపోతే కొబ్బరి, కొబ్బరి కాకపోతే చెరువు. కాబట్టి డాబాలే దిక్కు: సచివాలయం, బడి, రైతు భరోసా కేంద్రంగా కట్టిన భవనం, హాలు. కోనసీమలో కొబ్బరి చెట్ల నీడ పెద్ద సమస్య. పొద్దున్న తొమ్మిదికి, మధ్యాహ్నం, మూడున్నరకి డాబా ఎక్కి నీడ ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీసుకోండి, అదీ ఒకసారి చలికాలంలో, ఎందుకంటే అప్పుడు సూర్యుడు వాలి నీడ పొడుగవుతుంది. ఒక ప్యానెల్ మీద ఆకు నీడ పడినా ఆ వరుసంతా దెబ్బతినొచ్చు.

కాలువల మీద కూడా ఆలోచన ఉంది. భీమవరం మండలం గొల్లవానితిప్ప దగ్గర లోసరి కాలువ మీద ఒక మెగావాట్ సోలార్ ప్లాంటు కట్టారు. అది చిన్న పంచాయతీ ఒంటరిగా చేసే పని కాదు, జలవనరుల శాఖ, నెడ్‌క్యాప్ (రాష్ట్ర సంప్రదాయేతర ఇంధన సంస్థ) కలవాలి, కట్టడానికి ఖర్చు ఎక్కువ, పూడిక తీయడానికి యంత్రం దిగే దారి ఉంచాలి. ఒకసారి వెళ్లి చూసి రండి, కానీ దాని కోసం డాబా పని ఆపొద్దు.

తుఫాను సంగతి టెండర్‌లోనే రాయాలి. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ తోటలు ఎలా నేలమట్టమయ్యాయో చూసిన వాళ్లెవరూ నాలుగు యాంగిల్ ముక్కల మీద ప్యానెల్ బిగిస్తే ఊరుకోరు. మన తీరానికి భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం చెప్పే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. స్ట్రక్చర్ ఆ గాలికి డిజైన్ చేసినట్టు ఇంజినీరు సంతకంతో డ్రాయింగ్ ఇవ్వాలని రాయండి. ఉప్పు గాలి ఉన్న చోట హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత వేయడం) చేసిన ఇనుము లేదా అల్యూమినియం, స్టెయిన్‌లెస్ బోల్టులు. లంక గ్రామాల్లో ఇన్వర్టర్‌ని 1986 ఆగస్టు వరద గుర్తు కన్నా పైన పెట్టించండి. 2022 జూలై వరదని మాత్రమే చూసి సరిపెట్టుకోవద్దు, 86 నాటిది దానికన్నా పెద్దది.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇది ఎవరూ ముందు చెప్పరు. నెట్ మీటర్‌తో (మనం వాడిందీ, లైన్లోకి పంపిందీ రెండూ లెక్కేసే మీటరు) పెట్టే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే డిస్కం లైనుకి కలిపినది, కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే లైన్‌మేన్‌కి షాక్ కొట్టకుండా అలా తయారు చేస్తారు. అంటే తుఫాను తర్వాత ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, నెత్తి మీద ఎండ మండుతున్నా మంచినీళ్ల మోటారు తిరగదు. అందుకని అంతా కాకపోయినా ఒక్క చోటైనా, ఆరోగ్య ఉపకేంద్రంలో ఫ్రిజ్, నాలుగు లైట్లు, ఫోన్ల చార్జింగ్‌కి బ్యాటరీతో, కరెంటు పోయినా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టండి. వీలైతే ఒక చిన్న నీళ్ల మోటారుని నేరుగా సోలార్‌తో నడిచేలా విడిగా ఏర్పాటు చేయండి. పైసల లెక్కలో ఇది గిట్టుబాటు కానట్టు కనపడుతుంది. నా మటుకు నేను మిగతా సోలార్ అంతా పక్కన పెట్టినా ఇది పెట్టమంటాను.

డబ్బు

2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి కట్టుబడినవి, 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకునేవి. ఆ పద్ధతిలో చూస్తే మంచినీటి మోటారు మొదటి దాంట్లోకి, వీధి దీపాలు, సోలార్ రెండో దాంట్లోకి వస్తాయి. తర్వాతి నిధులకి వచ్చే మార్గదర్శకాలు చదివి, పనిని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ముందే ఎక్కించండి, ప్రణాళికలో లేని పనికి తర్వాత ఎంత తిరిగినా బిల్లు కాదు. రెండోది సీఎస్ఆర్. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక పనులకి పెట్టాలి, గ్యాస్, చమురు తీసే కంపెనీలు మన మధ్యే ఉన్నాయి. వాళ్లని అడిగేటప్పుడు ఉత్త వినతిపత్రం ఇవ్వకుండా, మీ మీటర్ల కాగితం, మోటారు పరీక్ష అంకెలు జత చేయండి. మూడోది, కంపెనీయే సొంత ఖర్చుతో పెట్టి యూనిట్‌కి ఇంత అని వసూలు చేసుకునే రెస్కో పద్ధతి. ఇది 25 ఏళ్ల ఒప్పందం కావచ్చు, రేటు ఏటా ఎంత పెరుగుతుందో, భవనం రిపేరుకి ప్యానెళ్లు దించాల్సి వస్తే ఖర్చెవరిదో చూడకుండా సంతకం పెట్టొద్దు.

ఇళ్ల మీద

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటికి మొదటి రెండు కిలోవాట్లకి 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేల దాకా కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. ఊళ్లో పెట్టిన ప్రతి ఇంటికీ స్థానిక సంస్థకి వెయ్యి రూపాయల ప్రోత్సాహకం కూడా ఉంది, ఇది చాలా పంచాయతీలకి తెలీదు. 5 వేల జనాభా దాటిన ఊళ్ల మధ్య పోటీ పెట్టి, జిల్లాకి ఒక ఊరిని మోడల్ సోలార్ గ్రామంగా ఎంచి కోటి రూపాయలు ఇచ్చే ఏర్పాటూ ఉంది. రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి ఉచితంగా పెట్టే కార్యక్రమం, బీసీలకి అదనపు సబ్సిడీ ఉన్నాయి, అర్హతలు డిస్కం సెక్షన్ ఆఫీసులో కనుక్కోండి.

ఇక్కడ పని ఆగేది డబ్బు దగ్గర కన్నా కాగితాల దగ్గర. మీటరు ఇంకా చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంటుంది, దరఖాస్తు మనవడు పెడతాడు, తిరస్కరిస్తారు. కాబట్టి పంచాయతీ ముందు చేయాల్సింది సచివాలయంలో రెండు రోజులు కూర్చుని సర్వీసుల పేరు మార్పిడి మేళా. తర్వాత ఎవరికి లాభమో నిజాయితీగా చెప్పండి. నెలకి 60, 70 యూనిట్లు కాల్చే ఇంటికి తక్కువ శ్లాబు రేటే పడుతుంది, అప్పు చేసి పెట్టించుకుంటే వాయిదాకే సరిపోతుంది. ఏసీ ఉండి 300 యూనిట్లు దాటే ఇళ్లకి మాత్రం నిజంగా కలిసొస్తుంది. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి.

ఆక్వా చెరువులు, డీజిల్

భీమవరం, ఉండి, ఆకివీడు వైపైనా, అమలాపురం దిగువనైనా ఊరి కార్బన్‌లో పెద్ద వాటా చెరువుగట్ల మీదే ఉంది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు, వాటికి తోడు జనరేటర్లు. పంచాయతీకి వీటి మీద అధికారం లేదు, కానీ రైతుల్ని ఒకచోట కూర్చోబెట్టే మాట ఉంది.

ముందు లెక్క చూద్దాం. లీటరు డీజిల్‌తో జనరేటర్ మూడు యూనిట్ల చిల్లర ఇస్తుంది, అంటే యూనిట్ ముప్పై రూపాయల పైమాట. ఆక్వా జోన్‌లో (ప్రభుత్వం చేపలు, రొయ్యల సాగుకి గుర్తించిన ప్రాంతం) అర్హత ఉన్న రైతుకి సబ్సిడీ కరెంటు యూనిట్ రూపాయిన్నర. ఇంత తేడా ఉన్నా డీజిల్ ఎందుకు కాలుస్తున్నాడు? కరెంటు పోతుందన్న టెన్షన్‌తో. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు మధ్య చెరువులో ఆక్సిజన్ అట్టడుగుకి పడిపోతుంది, ఆ సమయంలో అరగంట ఏరేటర్ ఆగితే రొయ్య తేలిపోతుంది, పంట మొత్తం పోతుంది. కాబట్టి ఇక్కడ డీజిల్ తగ్గించే మందు సోలార్ కాదు, నమ్మకమైన లైను. రైతులందరూ ఒక నెల పాటు కరెంటు పోయిన, వచ్చిన టైములు, వోల్టేజి ఫోన్లో రాసుకోవాలి. పంచాయతీ అవన్నీ కలిపి, ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఓవర్‌లోడ్ ఉందో చూపించి, తీర్మానంతో డిస్కం డీఈ (డివిజనల్ ఇంజినీరు) గారికి ఇవ్వాలి. ఒక్కో రైతు ఫోన్ చేసి గొడవపడటం కన్నా ఆ కాగితం బలంగా పనిచేస్తుంది.

పగలు మాత్రమే నడిచే సోలార్ ఏరేటర్లు అమ్మడానికి వచ్చేవాళ్లుంటారు. ఏరేటర్ అవసరం ఎక్కువ ఉండేది రాత్రి, ఎండ ఉండేది పగలు, ఈ ఒక్క మాట అడిగి సమాధానం నచ్చితేనే కొనండి. దానికన్నా ముందు నలుగురైదుగురు రైతులు కలిసి ఒక మంచి డీవో మీటర్ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) కొనుక్కుని, ఆక్సిజన్ చూసి ఏరేటర్ వేయడం అలవాటు చేసుకుంటే చాలా గంటల కరెంటు మిగులుతుంది.

గడ్డి, పేడ, డొక్కలు

దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక హార్వెస్టర్ వదిలేసిన గడ్డికి నిప్పు పెట్టడం ఆపాలంటే కేసులు పెడతామని బెదిరిస్తే కాదు, కట్టలు కట్టే బేలర్ అద్దెకి దొరికేలా చూడాలి. లంకల్లో పాడి ఎక్కువున్న చోట గోబర్ గ్యాస్ ఇంకా మంచి మార్గమే: ఒక క్యూబిక్ మీటర్‌కి రోజుకి 25 కిలోల పేడ, అంటే నాలుగైదు పశువులున్న ఇంటికి రెండు క్యూబిక్ మీటర్ల ప్లాంటు సరిపోతుంది. వరదకి మునిగే నేలలో మాత్రం గొయ్యి తవ్వే రకం వద్దు. కొబ్బరి డొక్కలకి ఎలాగూ పీచు మిల్లుల గిరాకీ ఉంది, వాటి జోలికి వెళ్లనక్కర్లేదు.

లెక్క గోడ మీద రాయండి

గ్రిడ్ కరెంటు ఒక యూనిట్ ఆదా అయితే సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టు, ఒక లీటరు డీజిల్ తగ్గితే 2.7 కిలోలు. మూడు నెలలకోసారి యూనిట్లు, రూపాయలు, కిలోలు మూడూ సచివాలయం గోడ మీద రాసి గ్రామసభలో చదవండి. రూపాయల అంకెకి జనం స్పందిస్తారు, దాని పక్కనే కిలోల అంకె కూడా అలవాటవుతుంది. ఊళ్లో ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్ కుర్రాళ్లు ఇద్దర్ని సోలార్ బిగింపు శిక్షణకి పంపండి, రేపు ఇన్వర్టర్‌లో ఎర్ర లైటు వెలిగితే కాకినాడ నుంచో రాజమండ్రి నుంచో మనిషి వచ్చేదాకా నెలలు ఆగక్కర్లేదు.

సర్పంచ్ గారి పదవి అయిదేళ్లు, కార్యదర్శి గారి బదిలీ అంతకన్నా ముందే రావచ్చు, ప్యానెల్ వారంటీ మాత్రం 25 ఏళ్లు. అందుకని ప్యానెళ్లు, ఇన్వర్టర్ల సీరియల్ నంబర్లు, వారంటీ కాగితాల నకళ్లు, నెట్ మీటర్ ఒప్పందం, మోటారు పరీక్ష అంకెలు, పెట్టించిన కంపెనీ మెయింటెనెన్స్ ఎప్పటిదాకా చేయాలో ఆ తేదీ, ఇవన్నీ పంచాయతీ ఆస్తుల రిజిస్టర్‌లో ఎక్కించి, చార్జి అప్పగించేటప్పుడు ఆ పేజీ మీద ఇద్దరి సంతకాలూ పెట్టించండి.